ఎడారి రాజ్యం ఎట్లా నడుస్తుందో ఊళ్లోనే చెప్పాలి

ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదు. 2005 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. సరిగ్గా ఆ మూడు నెలలే కోరుట్ల, మెట్‌పల్లి ఊళ్లలో వానాకాలం నాట్లు, కలుపులు సాగుతుంటాయి. ఇక్కడ భార్య పొలంలో వంగి నాటు వేస్తున్న వేళకు అక్కడ భర్త సెంట్రింగ్ మీద నిలబడి ఉంటాడు. ఆ రెండున్నర గంటల విశ్రాంతి తన హక్కని, దాన్ని కాలరాసిన కంపెనీకి జరిమానా పడుతుందని అతనికి ఎప్పుడు తెలుస్తుంది? చాలామందికి అక్కడ రెండు మూడు ఎండాకాలాలు గడిచాక తెలుస్తుంది. కొందరికి ఎప్పటికీ తెలియదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌తో సంబంధం లేని వాడ దొరకడం కష్టం. సౌదీ పోయినా, కువైట్ పోయినా, మస్కట్ పోయినా ఇంటివాళ్లు చెప్పేది ‘దుబాయ్ పోయిండు’ అనే. తాత పోయిన చోటికి తండ్రి, తండ్రి పోయిన చోటికి కొడుకు పోతున్న ఇళ్లు ఉన్నాయి. ఇంత దీర్ఘమైన సంబంధం ఉన్నా, ఆ దేశాల నేల గురించి, పాలన గురించి, అక్కడ డబ్బు ఎట్లా పుడుతుందో ఎట్లా ఎండిపోతుందో ఈ కుటుంబాలకు తెలిసింది ఏజెంటు చెప్పినంత. మిగిలింది దెబ్బ తిన్నాక నేర్చుకున్నది. వలసను ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపాల్సిన పనీ లేదు. పోయేవాడు ఎటువంటి రాజ్యంలో అడుగు పెడుతున్నాడో తెలిసి పోయేలా చూడటం మాత్రం ప్రభుత్వం చేయదగిన పని, చేసి తీరాల్సిన పని. అది మండల కేంద్రంలోనే జరగాలి.

ఈ వలస ఊరికే పుట్టలేదు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు ఊపందుకున్న కాలానికి, ఉత్తర తెలంగాణలో వ్యవసాయం చాలాచోట్ల బావుల మీద, వానల మీద కుంటుకుంటూ నడుస్తోంది. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఒకపక్క దొరతనాన్ని ఎదిరించిన రైతుకూలీ పోరాటాలు, మరోపక్క పోలీసు క్యాంపులు. ఆ నడుమ ఊళ్లో నిలవలేని యువకులు బొంబాయి, భివండి బాట పట్టారు. అటునుంచి చాలామంది గల్ఫ్ చేరారు. సిరిసిల్లలో మరమగ్గాలకు ఆర్డరు ఉన్ననాడు పని, లేనినాడు పస్తు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల తయారీ కొంత ఊపిరి పోసింది గాని అదీ సర్కారు ఆర్డరు మీద ఆధారపడిన బతుకే. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడితే చెరకు రైతూ కార్మికుడూ ఒక్కసారే దిక్కులు చూశారు. ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు గడుపుతుంటే మగవాళ్లు పాస్‌పోర్టు తీయించుకున్నారు.

మరి వాళ్లు చేరే రాజ్యం ఎటువంటిది? దుబాయ్ ఉన్న యూఏఈనే తీసుకుందాం. దాని విస్తీర్ణం సుమారు 83,600 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే చిన్న దేశం. అబుదాబి, దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా అనే ఏడు ఎమిరేట్ల సమాఖ్య అది. నేలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా అబుదాబిదే. దక్షిణాన రబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారి సౌదీ అరేబియాలోకి సాగిపోతుంది. ఏడాది పొడవునా పారే నది దేశం మొత్తంలో ఒక్కటీ లేదు. నగరాల్లో తాగే నీరు ప్రధానంగా సముద్రపు నీటిలో ఉప్పు తీసి పంపేదే. ధర్మపురిలో గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాడు అటువంటి నేల మీద ఇరవై ఏళ్లు గడిపి వస్తున్నాడు.

అక్కడి ఎండ గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. జగిత్యాల మనిషి 45 డిగ్రీల ఎండలు చూసినవాడే కాబట్టి ఎండ తనకు కొత్త కాదనుకుంటాడు. ఇక్కడి మే నెల పొడి ఎండలో చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. గల్ఫ్ తీరంలో వేడితోపాటు గాలి నిండా తేమ ఉంటుంది. చెమట కారుతుంది గాని ఆరదు. లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదు. నీళ్లు, ఉప్పు తగ్గిన ఒంట్లో మూత్రపిండాల మీద, గుండె మీద భారం పడుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలని, మొదటి రెండు వారాలు ఒంటిని కొంచెం కొంచెంగా ఆ ఎండకు అలవాటు చేయాలని, కళ్లు తిరిగితే ‘డ్యూటీ పోతది’ అనుకోకుండా నీడకు చేరాలని చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. చెప్పే మనిషి ఉండాలి, అంతే.

భూగోళం ఇక్కడ బీమాతో కూడా ముడిపడి ఉంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమయ్యే పాస్‌పోర్టు ఉన్న కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. కాని రోజంతా ఎండలో కాంక్రీటు పోసి వచ్చి రాత్రి క్యాంపులో నిద్రలోనే గుండె ఆగిన మనిషిది కాగితాల మీద సహజ మరణం. ఆ కుటుంబానికి ఆ 10 లక్షలు రావు. ఎండ చేసిన పనిని ప్రమాదమని ఒప్పుకోని ఈ నిబంధన అన్యాయం, దాన్ని మార్చాలి. దారి లేక కాదు. 2024 మార్చిలో యూఏఈలో భారత కాన్సులేట్ చొరవతో బీమా సంస్థలు తెచ్చిన పథకం సహజ మరణానికీ వర్తిస్తుంది. ఏటా 37 నుంచి 72 దిర్హంల ప్రీమియానికి 35,000 నుంచి 75,000 దిర్హంల పరిహారం అందులో ఉంది. అక్కడ కుదిరినది కేంద్ర పథకంలో ఎందుకు కుదరదు?

ఇక పాలన. 1971 డిసెంబర్ 2న ఆరు ఎమిరేట్లు కలిసి సమాఖ్య అయ్యాయి, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమా చేరింది. ఏడుగురు పాలకులతో కూడిన సుప్రీం కౌన్సిల్ అత్యున్నత అధికారం. ఆ కౌన్సిలే అధ్యక్షుణ్ని ఎన్నుకుంటుంది. ఆచారంగా ఆ పదవి అబుదాబి పాలకుడిది, ప్రధాని పదవి దుబాయ్ పాలకుడిది. షేక్ జాయెద్ 2004లో మరణించేదాకా అధ్యక్షుడు. తర్వాత ఖలీఫా, 2022 మే నుంచి మహ్మద్ బిన్ జాయెద్. ఫెడరల్ నేషనల్ కౌన్సిల్ అనే సభ ఉంది. అందులో 40 మంది సభ్యులు, సగం మంది నియమితులు, సగం మంది పరిమితమైన ఓటర్ల జాబితా ద్వారా ఎన్నికైనవారు. అది సలహా ఇస్తుంది, చట్టాన్ని ఆపలేదు. చట్టం చాలావరకు డిక్రీగానే వస్తుంది.

ఓటున్న రాజ్యం నుంచి పోయిన మనిషికి దీని అర్థం చాలా లోతైనది. జీతం ఆగితే ఇక్కడ జెండా పడతారు, ధర్నా చేస్తారు, ఎమ్మెల్యే ఇంటికి పోతారు, రాస్తారోకో చేస్తారు. పోరాటాల జిల్లాలో పెరిగినవాడికి అది సహజంగా వచ్చే తెలివి. అక్కడ కార్మిక సంఘం ఉండదు, సమ్మె చేయడం నేరం. 2006 మార్చిలో, ఇప్పటి బుర్జ్ ఖలీఫా కడుతున్న చోటే కార్మికులు జీతాల కోసం తిరగబడ్డారు. మరుసటి ఏడాది సమ్మెకు దిగిన కార్మికులను దేశం దాటించే చర్యలు మొదలయ్యాయి. గుంపుగా అడిగితే తిరిగొచ్చేది టికెట్టే. ఒక్కడిగా, కాగితాలతో, కార్మిక శాఖకు ఫిర్యాదు చేస్తే వినే ఏర్పాటు మాత్రం ఉంది. 2009 నుంచి జీతం బ్యాంకు ద్వారానే చెల్లించే విధానం ఉంది కాబట్టి చెల్లించని నెల రికార్డులో కనిపిస్తుంది. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం 80046342 నంబరులో పలుకుతుంది. ఈ దారులన్నీ తెలిసినవాడు ధైర్యంగా నిలబడతాడు. తెలియనివాడు కంపెనీ నుంచి పారిపోతాడు.

పారిపోవడం అంటే ‘ఖల్లివెల్లి’ కావడం. వీసా కంపెనీతో ముడిపడి ఉండే కఫాలా పద్ధతిలో, కంపెనీ ఫిర్యాదు చేసిన క్షణం నుంచి ఆ మనిషి చట్టం దృష్టిలో పరారీలో ఉన్నట్టే. రోజుకు 50 దిర్హంల చొప్పున జరిమానా పెరుగుతుంది. పట్టుబడితే జైలు, పట్టుబడకపోతే ఆస్పత్రికి పోవడానికీ భయం. ఇంట్లో చావు జరిగినా రాలేడు. అటువంటివాళ్లకు పాలకులు ప్రకటించే క్షమాభిక్షే దారి. 2018లో ఒకసారి, 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా మరోసారి యూఏఈ ఆమ్నెస్టీ ఇచ్చింది. ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రంతో ఎందరో ఇంటికి చేరారు. కాని క్షమాభిక్ష ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. దాని కోసం ఎదురుచూస్తూ ఆరేళ్లు బతకడం ఎంత నరకమో అనుభవించిన కుటుంబాలు రాయికల్‌లో, కథలాపూర్‌లో, కోనరావుపేటలో అడిగితే చెబుతాయి.

రాచరికంలో న్యాయం ఎట్లా నడుస్తుందో సిరిసిల్ల కంటే ఎక్కువగా నేర్చుకున్న పట్టణం తెలంగాణలో లేదు. రెండు దశాబ్దాల కిందట దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురికి శిక్ష పడింది, చివరికి అది 25 ఏళ్లయింది. అక్కడి చట్టంలో హతుడి కుటుంబం క్షమించడానికి, ‘దియా’ అనే రక్తపరిహారానికి చోటుంది. 2011లో అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు నేపాల్ వెళ్లి హతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందించి క్షమాపత్రం తెచ్చారు. అయినా తలుపు వెంటనే తెరుచుకోలేదు. నేరం తీవ్రత దృష్ట్యా అక్కడి అధికారులు క్షమాభిక్ష అర్జీని తిరస్కరించారు. మళ్లీ మళ్లీ ప్రయత్నించగా 2024 ఫిబ్రవరిలో, సుమారు 18 ఏళ్ల జైలు తర్వాత, వాళ్లు ఇల్లు చేరారు. చిన్నపిల్లలుగా వదిలి వెళ్లిన బిడ్డలు పెద్దవాళ్లై ఎదురొచ్చారు.

ఈ కేసు నేర్పే పాఠాలు చాలా సూటిగా ఉన్నాయి. కోర్టు భాష అరబిక్. దుబాయ్, అబుదాబి, రస్ అల్ ఖైమాలకు తమ సొంత కోర్టులున్నాయి, ఒకచోటి పద్ధతి మరోచోటికి సరిపోదు. పోలీసు స్టేషన్‌లో మొదటి వాంగ్మూలం మీద వేసే సంతకమే తర్వాతి ఇరవై ఏళ్లను నిర్ణయించవచ్చు. ఆ మొదటి రోజున తెలుగు, అరబిక్ రెండూ వచ్చిన లాయరు పక్కన ఉండటం 15 లక్షల పరిహారం కంటే విలువైనది. ఒక ఎమ్మెల్యే పట్టుదల మీద నడిచిన ప్రయత్నం ఒక వ్యవస్థ మీద నడవాలి. ఎమ్మెల్యే పట్టించుకోని ఊరివాడికి కూడా అది అందాలి.

ఆర్థిక వ్యవస్థ సంగతి చూస్తే, అబుదాబి తీరంలో 1958లో చమురు బయటపడింది, 1962లో ఎగుమతి మొదలైంది. దుబాయ్‌లో 1966లో దొరికింది గాని అది కొద్దిపాటిదే. దేశపు చమురు నిల్వల్లో నూటికి తొంభై పాళ్లకు పైగా అబుదాబివే. అప్పటికి ఆ ఎడారి గ్రామాల్లో చలామణి అయింది మన రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసమే రిజర్వ్ బ్యాంకు ప్రత్యేక నోట్లు ముద్రించింది కూడా. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఆ ఎమిరేట్లు దాన్ని వదిలేశాయి. ఇప్పుడు మెట్‌పల్లిలో దిర్హం రేటు అడగని ఇల్లు లేదు. 1997 నుంచి దిర్హాన్ని డాలరుకు 3.6725 చొప్పున కట్టిపడేశారు. అందుకే రూపాయి పడిపోయిన ప్రతిసారీ ఇంటికి వచ్చే సొమ్ము కొంచెం పెరుగుతుంది, ఇక్కడి ధరలు పెరిగి దాన్ని మింగేస్తాయి.

చమురు తక్కువని ముందే గ్రహించిన దుబాయ్ 1979లో జెబెల్ అలీ రేవు, 1985లో ఎమిరేట్స్ విమాన సంస్థ, 2002 నుంచి విదేశీయులకు ఇళ్ల అమ్మకాలు మొదలుపెట్టింది. నేడు దుబాయ్ స్థూల ఉత్పత్తిలో చమురు వాటా నూటికి రెండు పాళ్లలోపే. అంటే అక్కడి పని రియల్ ఎస్టేటు మీద, పర్యాటకం మీద, అప్పు మీద నిలబడి ఉంది. 2009 నవంబర్‌లో దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పు కట్టడానికి గడువు కోరేనాటికి ఎన్నో క్రేన్లు ఆగిపోయి ఉన్నాయి. తర్వాత చమురు ధర పడినప్పుడు సౌదీలో సౌదీ ఓజర్ అనే భారీ నిర్మాణ సంస్థ నెలల తరబడి జీతాలు ఆపింది. 2016లో వేలాది మంది భారతీయులు క్యాంపుల్లో తిండికి కటకటలాడితే కేంద్ర మంత్రి వి.కె. సింగ్ వెళ్లి రావాల్సి వచ్చింది. జనాభాలో తొంభై శాతం దాకా విదేశీయులే ఉన్న యూఏఈలో పని తగ్గితే మనుషులను తగ్గించడం పాలకులకు చాలా సులభం. వీసాకు గడువు రెండేళ్లే. పాతికేళ్లు చెమటోడ్చినా అక్కడ ఉండిపోయే హక్కు రాదు. ఈ నిజం తెలిసిన కుటుంబం దిర్హాలు వస్తున్న రోజుల్లోనే రెండంతస్తుల ఇంటి మీద ఎంత పెట్టాలో, చేతిలో ఎంత ఉంచుకోవాలో ఆలోచిస్తుంది.

పోయేముందే లెక్క తెలియాలి. చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. వాస్తవంలో అడిగేది లక్ష దాటుతోంది. లక్షన్నర అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకుంటే వడ్డీయే నెలకు 3,000. యూఏఈలో ప్రైవేటు కంపెనీల్లోని విదేశీ కార్మికులకు చట్టం నిర్ణయించిన కనీస వేతనం లేదు, కాంట్రాక్టులో రాసిందే జీతం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. నెలకు 1,000 దిర్హంలలో మూలవేతనం 600 అని రాస్తే ఏడాదికి వచ్చేది సుమారు 420 దిర్హంలు, మొత్తం మూలవేతనమే అని రాస్తే 700. ఓటీ లెక్క కూడా మూలవేతనం మీదే. సంతకం పెట్టేముందు ఈ ఒక్క అంకె చూసుకుంటే అయిదేళ్లలో ఎంత తేడా వస్తుందో ఊహించవచ్చు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోవడం ఆ చట్టం ప్రకారమే నేరం. విజిట్ వీసా మీద పని చేయించిన యజమానికి 2024 నుంచి లక్ష నుంచి పది లక్షల దిర్హంల దాకా జరిమానా ఉంది. ‘ముందు విజిట్ మీద పో, అక్కడ మారుస్తరు’ అని చెప్పే ఏజెంటు చేసేది మోసం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. 2020 సెప్టెంబర్‌లో గల్ఫ్ కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను, అంటే వాళ్లను పంపడానికి తానే నిర్ణయించే కనీస జీతాలను, కేంద్రం బాగా తగ్గిస్తే తెలంగాణ గల్ఫ్ సంఘాలు హైకోర్టుకెక్కి పోరాడాయి, మరుసటి ఏడాది పాత వేతనాలు తిరిగి వచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది, ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. శంషాబాద్ నుంచి మృతదేహాన్ని ఊరికి చేర్చే అంబులెన్సు ఉచితం. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే వీటిలో ఎక్కువ భాగం మనిషి పోయాక అందేవి. పోకముందు అందాల్సింది చాలా తక్కువగా ఉంది.

మొదట, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడల్లో శాశ్వత గల్ఫ్ కేంద్రాలు పెట్టాలి. పోయేవాళ్లకు హైదరాబాద్‌లో ఒకరోజు జరిగే శిక్షణను ఇక్కడికి తెచ్చి, తెలుగులో, అక్కడ పనిచేసి తిరిగొచ్చినవాళ్లతోనే చెప్పించాలి. మేస్త్రీగా పదిహేనేళ్లు చేసి వచ్చిన మనిషి కంటే మంచి గురువు దొరకడు. అతనికీ దానివల్ల ఒక ఉపాధి. రెండు, ప్రతి కాంట్రాక్టు తెలుగు ప్రతి అక్కడ చదివి వినిపించి, ఏజెంటు లైసెన్సు కేంద్రం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసి పంపాలి. మూడు, ఎమిరేట్లవారీగా తెలుగు తెలిసిన లాయర్ల జాబితాను ప్రభుత్వ ఖర్చుతో సిద్ధంగా ఉంచాలి. నాలుగు, తొమ్మిది, పది తరగతుల సాంఘిక శాస్త్రంలో ఈ జిల్లాల పిల్లలకు గల్ఫ్ దేశాల పాలన, చట్టం, వలస గురించి ఒక పాఠం ఉండాలి. పదో తరగతి పాసైనవాడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని పాస్‌పోర్టు వస్తుంది కాబట్టి ప్రభుత్వం అతణ్ని చివరిసారి చూసేది తరగతి గదిలోనే.

అన్నింటికీ ఆధారంగా రాష్ట్రంలో చట్టబద్ధమైన గల్ఫ్ కార్మికుల సంక్షేమ బోర్డు కావాలి. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖను పెట్టింది, 2008లో ప్రవాసీ సంక్షేమానికి చట్టం చేసుకుని పింఛను దాకా వెళ్లింది. జీవోతో వచ్చిన సాయం మరో జీవోతో పోవచ్చు. చట్టంతో వచ్చినదాన్ని అడిగి తీసుకోవచ్చు. కేంద్రం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టాన్ని మార్చడానికి 2021లో ఒకసారి, 2025లో మరోసారి ముసాయిదాలు తెచ్చింది. వాటిలో సహజ మరణానికి బీమా, కార్మికుడి నుంచి రుసుము తీసుకోకూడదనే నిబంధన ఉండాలని తెలంగాణ ఎంపీలంతా ఒక్క గొంతుతో అడగాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ శాసనసభ్యులు వేర్వేరు పార్టీలవాళ్లయినా ఓటర్ల ఇళ్లలో గల్ఫ్ ఫోను ఒకేలా మోగుతుంది. బోర్డు బిల్లును ఈ నలుగురూ కలిసి వచ్చే శాసనసభ సమావేశాల్లోనే పట్టుబట్టి పెట్టించాలి, మొదటి ఏడాది నిధుల్లో పెద్ద వాటాను మండల కేంద్రాల్లోని శిక్షణకే కేటాయించాలని అందులో రాయించాలి.